ముక్కులో పాలిప్స్: వాపును అదుపులో పెట్టి, మళ్లీ పెరగకుండా చూసుకోవడం ఎలా

ఆపరేషన్ అయిన మొదటి రెండు మూడు నెలలు ముక్కు హాయిగా ఉంటుంది. రెండు వైపులా గాలి ఆడుతుంది, పోయిందనుకున్న వాసన తిరిగొస్తుంది. సరిగ్గా అప్పుడే చాలామంది స్ప్రే పక్కన పెట్టేస్తారు, ముక్కు కడగడం మానేస్తారు. ఏడాది తిరిగేసరికి దిబ్బడ మళ్లీ మొదలవుతుంది. "ఆపరేషన్ చేయించినా లాభం లేకపోయింది" అనుకుంటారు. చాలాసార్లు లోపం ఆపరేషన్‌లో ఉండదు. కోసి తీసింది పాలిప్‌ని. దాన్ని పుట్టించిన వాపు మాత్రం ముక్కు పొరలోనే ఉండిపోయింది.

గోడకు లోపల చెమ్మ పట్టినప్పుడు పైన సున్నం బుడగలా ఉబ్బుతుంది. ఆ బుడగను గీకేసి రంగు వేస్తే కొన్నాళ్లు బాగానే కనిపిస్తుంది, చెమ్మ ఆగకపోతే అదే చోట మళ్లీ ఉబ్బుతుంది. పాలిప్ సంగతీ అంతే. అది నీరు పట్టి వేలాడే ముక్కు పొర, కేన్సర్ గడ్డ కాదు.

బెల్జియంలోని ఘెంట్‌లో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను 12 ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించి చూశారు. దాదాపు 79 శాతం మందిలో పాలిప్స్ తిరిగొచ్చాయి. రెండో ఆపరేషన్ దాకా వెళ్లింది మాత్రం సుమారు 37 శాతం మందే. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాను గమనించండి. పాలిప్ మళ్లీ కనిపించడం వేరు, అది మిమ్మల్ని మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కించడం వేరు. చిన్నగా ఉన్నప్పుడే పట్టుకుని అణచి ఉంచితే ఏళ్ల తరబడి ఇబ్బంది లేకుండా గడపొచ్చు. ఈ వ్యాసం ఆ పని ఎలా చేయాలో చెప్పడానికే.

అడుగు 1: అది పాలిపేనా, ఏ రకమో తేల్చుకోండి

టార్చి వేసి అద్దంలో చూసుకుని "ముక్కులో కండ పెరిగింది" అని భయపడేవాళ్లు చాలామంది. ముందు భాగంలో, బయటి గోడ వైపు గులాబీ రంగులో ఉబ్బెత్తుగా కనిపించేది చాలావరకు టర్బినేట్. అది అందరికీ ఉండే భాగమే, జలుబు చేసినప్పుడు ఉబ్బుతుంది. పాలిప్ పాలిపోయిన రంగులో, ఒలిచిన ద్రాక్షపండులా నిగనిగలాడుతూ ఉంటుంది. టర్బినేట్‌ను తాకితే నొప్పి తెలుస్తుంది, పాలిప్‌కు స్పర్శ దాదాపు ఉండదు. అయితే ఈ పరీక్ష డాక్టర్ చేయాల్సింది. మీరు దూదిపుల్ల పెట్టి పొడుచుకోవద్దు.

ఈఎన్‌టీ డాక్టర్ సన్నటి ఎండోస్కోప్‌తో లోపల చూస్తారు. చిన్న పాలిప్స్ ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులైన సైనస్‌లు తెరుచుకునే సందులో దాక్కుంటాయి, మామూలు టార్చికి అందవు. దిబ్బడ, ముక్కు కారడం, ముఖంలో బరువు, వాసన తెలియకపోవడం లాంటివి 12 వారాలు దాటి ఉంటే ఎండోస్కోపీ తప్పదు. ఆపరేషన్ ఆలోచన ఉంటేనో, అనుమానం ఉంటేనో సీటీ స్కాన్ తీస్తారు.

అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: రెండు వైపులా ఉన్నాయా, ఒక్కవైపేనా? వాపు వల్ల వచ్చే మామూలు పాలిప్స్ సాధారణంగా రెండు వైపులా ఉంటాయి. ఒక్కవైపే ఉంటే, అందులోనూ రక్తం కారుతుంటే, అది ఇన్వర్టెడ్ పాపిలోమా అనే వేరే రకం కణితి కావచ్చు, ఫంగస్ వల్ల వచ్చింది కావచ్చు, అరుదుగా కేన్సర్ కావచ్చు. ఒక్కవైపు పాలిప్‌కు స్కాన్, బయాప్సీ లేకుండా నెలల తరబడి స్ప్రే కొట్టుకుంటూ కూర్చోవద్దు. పిల్లల్లో ఒక్కవైపు ఒకే పెద్ద పాలిప్ కనిపిస్తే అది దవడ సైనస్‌లో పుట్టి ముక్కు వెనక్కి వేలాడే రకం కావచ్చు. దానికి స్టెరాయిడ్ పనిచేయదు, పుట్టిన చోటి నుంచి మొత్తంగా తీయాలి. పిల్లల్లో రెండు వైపులా పాలిప్స్ ఉంటే సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఒంట్లోని స్రావాలు చిక్కబడే, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉందేమో తెలుసుకోవడానికి చెమట పరీక్ష చేయించాలి.

స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టక ముందే రక్తంలో ఇయోసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) సంఖ్య, మొత్తం ఐజీఈ (అలర్జీలో పెరిగే యాంటీబాడీ) చూపించుకోండి. మాత్ర వేసుకున్నాక ఇయోసినోఫిల్స్ ఇట్టే పడిపోతాయి, అసలు అంకె ఎంతో తర్వాత తెలియదు. ఆ కాగితం జాగ్రత్తగా దాచుకోండి. నాలుగైదేళ్ల తర్వాత, అడుగు 9లో చెప్పే ఇంజెక్షన్ల నిర్ణయం దాని మీదే ఆధారపడవచ్చు.

అడుగు 2: లోపల ఏం జరుగుతోందో అర్థం చేసుకోండి

ఇది తెలిస్తేనే మందు ఎందుకు మానకూడదో తెలుస్తుంది. ముక్కు పొర బయటి దుమ్మును, సూక్ష్మజీవులను లోపలికి రానివ్వని కంచె. పాలిప్స్ వచ్చేవాళ్లలో ఆ కంచె బలహీనంగా ఉంటుంది. పొర కణాలు అపాయం వచ్చిందంటూ రసాయనాలు వదులుతాయి. వాటికి స్పందించి రోగనిరోధక కణాలు ఐఎల్-4, ఐఎల్-5, ఐఎల్-13 అనే సంకేతాలు పంపుతాయి. ఐఎల్-5 ఇయోసినోఫిల్స్‌ను రప్పిస్తుంది, వాటిని చావనివ్వదు. ఐఎల్-4, ఐఎల్-13 ఐజీఈని పెంచుతాయి, చీమిడిని చిక్కబరుస్తాయి. రక్తనాళాల్లోంచి నీరు ఊరి పొరలోకి చేరుతుంది. అక్కడ ఫైబ్రిన్ అనే జాలీ ఏర్పడి ఆ నీటిని పట్టి ఉంచుతుంది. స్టెఫిలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియా కొందరి ముక్కులో స్థిరపడి, దాని విషాలతో ఈ మంటను మరింత ఎగదోస్తుంది.

దీన్ని టైప్ 2 వాపు అంటారు. ఉబ్బసంలోనూ తరచుగా ఉండేది ఇదే. అందుకే పాలిప్స్, ఉబ్బసం ఒకే మనిషిలో జంటగా కనిపిస్తాయి. ఇయోసినోఫిల్స్ ఎక్కువ ఉన్నవాళ్లకు, ఉబ్బసం ఉన్నవాళ్లకు, ఆస్పిరిన్ పడనివాళ్లకు, ఇప్పటికే ఒకటికి మించి ఆపరేషన్లు అయినవాళ్లకు పాలిప్స్ తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. మీరు ఈ జాబితాలో ఉంటే కింది అడుగుల్లో మినహాయింపులు పెట్టుకోకండి.

పాలిప్స్ అన్నీ అలర్జీ వల్లే వస్తాయనుకోవడం పొరపాటు. అలర్జీ పరీక్షలో ఏమీ రానివాళ్లలోనూ పాలిప్స్ గుబురుగా పెరుగుతాయి. అలర్జీ మాత్రలు తుమ్ములు, దురద తగ్గిస్తాయి తప్ప పాలిప్‌ని కరిగించవు.

అడుగు 3: ముక్కు కడగడం

దీన్ని చిన్న పనిగా చూడొద్దు. చిక్కటి చీమిడి పేరుకున్న పొర మీద మందు చల్లితే అది చీమిడి మీదే ఆగిపోతుంది.

*నీళ్లు.* కొళాయి నీళ్లు నేరుగా ముక్కులోకి ఎక్కించకూడదు. శుద్ధి చేయని నీటిలో నెగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా ఉంటే అది ముక్కు ద్వారా మెదడుకు చేరుతుంది. చాలా అరుదు, కానీ సోకితే దాదాపు ప్రాణాంతకం. అవే నీళ్లు తాగితే ఆ జబ్బు రాదు, ముక్కులోకి వెళ్తేనే ప్రమాదం. అందుకే తాగడానికి పనికొచ్చే నీళ్లన్నీ ముక్కుకు పనికిరావు. నీళ్లు తెర్లడం మొదలయ్యాక 1 నిమిషం పూర్తిగా మరగనివ్వండి, 2,000 మీటర్లకు పైన ఉన్న ప్రాంతాల్లో 3 నిమిషాలు. మూత పెట్టి చల్లారనిచ్చి ఆ రోజే వాడేయండి. డిస్టిల్డ్ వాటర్ అయినా సరే.

*ఉప్పు.* ఒంటి ద్రవాలకు సరిపోయే గాఢత 0.9 శాతం. 240 మి.లీ. సీసాకు 2.2 గ్రాముల ఉప్పు పడుతుంది, లీటరుకు 9 గ్రాములు. చిన్న కాటా ఉంటే తూచండి, రోజూ ఒకేలా వస్తుంది. కాటా లేకపోతే 240 మి.లీ.కి టీ చెంచాలో మూడో వంతు కాస్త నిండుగా వేసుకోండి. అయోడిన్ కలపని ఉప్పు మంచిది, కలిపిన ఉప్పు కొందరికి మంట పుట్టిస్తుంది. దానికి చిటికెడు వంట సోడా చేరిస్తే నీళ్లు మెత్తగా తగులుతాయి. బేకింగ్ పౌడర్ వేరే పదార్థం, అది వాడకూడదు. కొలత చేయడం విసుగనిపిస్తే కొలిచి పెట్టిన పొట్లాలు దొరుకుతాయి, ఒక సీసాకు ఒకటి.

నీళ్లు భగ్గుమన్నాయంటే ఉప్పు చాలలేదు, లేదా ఎక్కువైంది. మందు పడలేదనుకుని మానేసేవాళ్లలో చాలామందికి అసలు తప్పు ఈ కొలతలోనే ఉంటుంది.

*కడిగే తీరు.* నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, మణికట్టు మీద వేసుకుంటే వేడీ చల్లనా తెలియనంతగా. సింకు మీదకు వంగండి, తల కొద్దిగా పక్కకు తిప్పండి. నోరు తెరిచి నోటితోనే ఊపిరి పీల్చండి. సీసా మూతిని ముక్కు రంధ్రానికి ఆనించి మెల్లగా, ఆగకుండా నొక్కండి. సగం సీసా ఒక వైపు, సగం ఇంకో వైపు. నీళ్లు రెండో రంధ్రంలోంచో, నోట్లోంచో బయటికొస్తాయి. పూర్తిగా మూసుకుపోయిన వైపు బలంగా నొక్కితే నీళ్లు చెవిలోకి తోసుకెళ్లి పోటు పుడుతుంది. ముందు తెరిచి ఉన్న వైపు నుంచి మొదలుపెట్టండి. గొంతులో నీళ్లు ఉండగా మింగొద్దు, ఉమ్మేయండి.

అయిపోయాక వెంటనే నిటారుగా నిలబడొద్దు. తల బాగా కిందికి వంచి, కుడికీ ఎడమకూ తిప్పి, సైనస్‌ల్లో నిలిచిన నీటిని కారనివ్వండి. లేకపోతే గంట తర్వాత ఏదో తీయడానికి వంగినప్పుడు ముక్కులోంచి బొళుక్కున కారుతుంది. తర్వాత ఒక్కో వైపు మెల్లగా చీదండి. రెండు రంధ్రాలూ మూసి గట్టిగా చీదడం చెవులకు మంచిది కాదు.

సీసాను ప్రతిసారీ సబ్బు నీళ్లతో కడిగి, మరగబెట్టిన నీళ్లతో తొలిచి, తెరిచి ఆరబెట్టండి. తడి సీసాకు మూత బిగిస్తే లోపల జిగురు పొర పడుతుంది. దాన్నే మర్నాడు ముక్కులోకి ఎక్కించినట్టవుతుంది. మూడు నెలలకోసారి సీసా మార్చేయండి.

రోజుకు 1 లేదా 2 సార్లు చాలు.

అడుగు 4: స్టెరాయిడ్ స్ప్రే

పాలిప్స్‌కు పునాది మందు ఇదే. మొమెటసోన్, ఫ్లూటికసోన్, బ్యుడెసొనైడ్ లాంటివి. "స్టెరాయిడ్" అన్న మాట వినగానే భయపడి సగం డోసు వాడేవాళ్లున్నారు. మాత్రలకూ స్ప్రేకూ చాలా తేడా ఉంది. మొమెటసోన్, ఫ్లూటికసోన్ ముక్కులోంచి రక్తంలోకి చేరేది అతి స్వల్పం.

డోసు విషయంలో ఒక లెక్క చూడండి. మొమెటసోన్ స్ప్రేలో ఒక్కో నొక్కుకు 50 మైక్రోగ్రాములు వస్తాయి. పాలిప్స్ ఉన్న పెద్దవాళ్లకు సాధారణంగా రాసేది ఒక్కో వైపు 2 నొక్కులు, రోజుకు 2 సార్లు. అంటే రోజుకు 8 నొక్కులు. 120 నొక్కుల సీసా 15 రోజుల్లో అయిపోవాలి. అదే డోసు రాసి ఉండి, మీ సీసా రెండు నెలలు వస్తోందంటే మీరు వేసుకుంటున్నది నాలుగో వంతు. మందు పనిచేయడం లేదని తేల్చే ముందు ఈ లెక్క వేసుకోండి. కొందరికి రోజుకు ఒకసారే రాస్తారు, అప్పుడు నెల రోజులు వస్తుంది. నొక్కుల సంఖ్య పూర్తయ్యాక సీసాలో ద్రవం మిగిలి ఉన్నా డోసు సరిగా రాదు, పడేయండి.

వేసుకునే పద్ధతి ఇది:

1. ముక్కు కడిగి 10–15 నిమిషాలు ఆగండి. ముందు స్ప్రే కొట్టి తర్వాత కడిగితే మందంతా సింకులో పోతుంది.
2. సీసా ఊపండి. కొత్తదైనా, చాలా రోజులు వాడనిదైనా సన్నటి తుంపర వచ్చేదాకా గాల్లోకి నొక్కండి.
3. తల కొద్దిగా ముందుకు వంచండి. వెనక్కి వాలిస్తే మందు గొంతులోకి జారిపోతుంది, నోరు చేదవుతుంది.
4. కుడి రంధ్రానికి ఎడమ చేయి, ఎడమ రంధ్రానికి కుడి చేయి వాడండి. ఇలా చేస్తే మూతి దానంతటదే బయటి వైపు తిరుగుతుంది.
5. మూతిని కొద్దిగా లోపలికి పెట్టి, అదే వైపు కంటి బయటి మూలకు గురిపెట్టి నొక్కండి.
6. నొక్కుతూ మెల్లగా గాలి పీల్చండి, పువ్వు వాసన చూసినట్టు. గట్టిగా ఎగపీలిస్తే మందు పొర మీద నిలవదు.
7. వెంటనే చీదొద్దు.

స్ప్రే వాడేవాళ్లకు ముక్కులోంచి కాస్త రక్తం పడుతుంటే, చాలావరకు మూతి మధ్య గోడకు తగులుతోందని అర్థం. గురి సరిచేసుకోండి, రెండు మూడు రోజులు ఆపి మళ్లీ మొదలుపెట్టండి. అయినా ఆగకపోతే డాక్టర్‌కు చూపించండి.

స్ప్రే వేసుకున్న మర్నాడే ముక్కు తెరుచుకోదు. తేడా తెలియడానికి కొన్ని వారాలు, పాలిప్ కుంచించుకుపోవడానికి నెలలు పడుతుంది. మూడు నెలలు సరిగ్గా వాడకుండా తీర్పు ఇవ్వొద్దు. బాగున్నప్పుడు మానేయడానికి ఇది జలుబు మందు కాదు, రక్తపోటు మాత్ర లాంటిది.

స్ప్రే చాలనప్పుడు, ముఖ్యంగా సైనస్ ఆపరేషన్ అయినవాళ్లకు, కడిగే నీళ్లలోనే స్టెరాయిడ్ కలపమంటారు. నెబ్యులైజర్ కోసం తయారయ్యే బ్యుడెసొనైడ్ ద్రవం, 2 మి.లీ.లో 0.5 మి.గ్రా. ఉండేది, 240 మి.లీ. ఉప్పు నీళ్లలో కలిపి రోజుకు 1 లేదా 2 సార్లు వాడటం వాడుకలో ఉన్న పద్ధతి. ఆపరేషన్‌లో తెరిచిన దారుల గుండా ఈ నీళ్లు స్ప్రే అందని మూలలకు చేరతాయి. నుదుటి సైనస్‌కు అందాలంటే నడినెత్తి నేలవైపు ఉండేలా వంగాలి. ఇది డాక్టర్ రాసిస్తేనే చేయాలి, సొంతంగా కలుపుకోవద్దు. ఉబ్బసానికి ఇప్పటికే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పండి.

అడుగు 5: తాత్కాలిక సుఖం ఇచ్చేవాటితో జాగ్రత్త

జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలు అయిదు నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. పాలిప్ మీద వాటి ప్రభావం ఏమీ లేదు, రక్తనాళాలను బిగిస్తాయంతే. 3–5 రోజులు దాటితే మందు దిగిన ప్రతిసారీ ముక్కు అంతకుముందుకన్నా ఎక్కువ మూసుకుపోతుంది. ఆ దిబ్బడను పాలిప్ పెరిగిందని పొరబడి ఇంకా ఎక్కువ వేసుకుంటారు. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే, డాక్టర్ సలహాతో స్టెరాయిడ్ స్ప్రే కొనసాగిస్తూ ముందు ఒక వైపు మానేసి, ఆ వైపు సర్దుకున్నాక రెండో వైపు మానేయడం తేలిక.

ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రల గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. వారం లోపే వాసన తిరిగొస్తుంది, ఊపిరి ఆడుతుంది. అందుకే దాచిపెట్టుకున్న పాత చీటీతో మళ్లీ మళ్లీ కొనుక్కుంటారు. ఆ సుఖం కొన్ని నెలలే ఉంటుంది. మాత్రల దెబ్బ మాత్రం పోగుపడుతూ పోతుంది: చక్కెర పెరగడం, కంటిలో ఒత్తిడి, శుక్లాలు, ఎముకలు గుల్లబారడం, నిద్ర చెడటం, కొందరికి తుంటి ఎముక తల దెబ్బతినడం. 1–3 వారాల కోర్సు, ఏడాదికి 1 లేదా 2 సార్లు, అంతకు మించకూడదు. రెండోది కూడా అవసరమైందంటే ఇప్పుడున్న చికిత్స చాలడం లేదని అర్థం. మూడో కోర్సు కాదు, దారి మార్చడం గురించి మాట్లాడాలి. మధుమేహం, గ్లాకోమా, మానసిక సమస్యలు ఉంటే ముందే చెప్పండి.

యాంటీబయాటిక్స్ పాలిప్‌కు మందు కాదు. పసుపుపచ్చ చీమిడి, జ్వరం, నొప్పి ఉన్నప్పుడు ఇస్తారేమో గానీ, వాటితో పాలిప్స్ పోతాయని ఎదురుచూడొద్దు. ఆవిరి పడితే కాసేపు హాయిగా ఉంటుంది, వేడి నీళ్లు ఒలికి కాలిన గాయాలూ అవుతాయి, పాలిప్ మాత్రం తగ్గదు. ముక్కులో నూనె చుక్కలు ఏళ్ల తరబడి వేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెచ్చే ప్రమాదం ఉంది.

అడుగు 6: నొప్పి మాత్రలనూ ఉబ్బసాన్నీ లెక్కలోకి తీసుకోండి

ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్ర వేసుకున్న అరగంట నుంచి మూడు గంటల్లోపు ముక్కు దిబ్బడ వేయడం, కళ్లు ఎర్రబడటం, ఆయాసం, పిల్లికూతలు వచ్చాయా? పాలిప్స్, ఉబ్బసం, ఈ మాత్రలు పడకపోవడం మూడూ కలిసి ఉంటే దాన్ని శామ్టర్ త్రయం అంటారు. ఈ మాత్రలు కాక్స్-1 ఎంజైమ్‌ను అడ్డుకోగానే ఒంట్లో వాపును, ఆయాసాన్ని పెంచే ల్యూకోట్రయీన్లు అనే రసాయనాలు ఒక్కసారిగా పెరిగిపోతాయి. పాలిప్స్ అతి మొండిగా తిరిగొచ్చేది వీళ్లలోనే. మద్యం కొద్దిగా తాగినా వీళ్లలో చాలామందికి ముక్కు మూసుకుపోతుంది, అదొక ఆనవాలు.

కొన్ని జలుబు, ఒళ్లునొప్పుల మాత్రల్లో ఐబుప్రొఫెన్ కలిసి ఉంటుంది, అట్ట మీద మందుల పేర్లు చదవండి. పారాసెటమాల్ 500 మి.గ్రా. ఎక్కువమందికి పడుతుంది. 1,000 మి.గ్రా. దగ్గర కొందరికి ఇబ్బంది రావచ్చు. సెలికాక్సిబ్ లాంటివి సాధారణంగా పడతాయి, అయినా మొదటి మాత్ర డాక్టర్ కళ్ల ముందే వేసుకోవాలి.

ఆస్పిరిన్‌ను కొద్దికొద్దిగా పెంచుతూ ఒంటికి అలవాటు చేసే చికిత్స ఒకటుంది. ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు మొదలుపెడితే పాలిప్స్ తిరిగి పెరగడం నెమ్మదిస్తుంది. అది ఆస్పత్రిలోనే జరగాలి. తర్వాత రోజూ ఆస్పిరిన్ మానకుండా వాడాలి, రెండు మూడు రోజులు తప్పితే అలవాటు పోయి మళ్లీ మొదటికొస్తుంది. ఇంట్లో ప్రయత్నిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఉబ్బసం అదుపులో లేకపోతే ముక్కూ అదుపులో ఉండదు, ఇటు నుంచి అటూ అంతే. పొగ తాగడం, పని చోట దుమ్ము, రసాయన ఆవిర్లు పొరను రోజూ గీరుతూనే ఉంటాయి.

అడుగు 7: ఆపరేషన్ అవసరమైతే

సరైన డోసులో, సరైన పద్ధతిలో మందులు వాడినా ఊపిరి ఆడకపోతే సైనస్ ఎండోస్కోపిక్ సర్జరీ మంచి దారే. ముందే డాక్టర్‌ను అడగండి: వేలాడే పాలిప్స్ మాత్రమే తీస్తారా, సైనస్ గదులు కూడా తెరుస్తారా? పైకి కనిపించేవి మాత్రమే కత్తిరిస్తే మూలం ఉన్న ఎత్మాయిడ్ గదులు (రెండు కళ్ల మధ్య ఉండే సైనస్‌లు) అలాగే మూసుకుని ఉంటాయి, తర్వాత వాడే మందూ లోపలికి చేరదు. మా దృష్టిలో ఆపరేషన్ అసలు ప్రయోజనం మందుకు దారి వేయడమే. తీసిన ముక్కను పాథాలజీ పరీక్షకు పంపమనండి, అందులో ఇయోసినోఫిల్స్ సంఖ్య రాయమని కోరండి. బంకలా చిక్కటి చీమిడి వచ్చిందంటే ఫంగస్ పరీక్ష కూడా చేయాలి, ఆ రకానికి ఆపరేషన్ తప్పనిసరి, తిరిగొచ్చే బెడదా ఎక్కువ.

ఆపరేషన్ తర్వాత మొదటి వారం రక్తం కలిసిన నీళ్లు కొద్దిగా కారతాయి. తల ఎత్తుగా పెట్టి పడుకోండి. 7–10 రోజులు చీదొద్దు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి. బరువులెత్తొద్దు. ఉప్పు నీళ్ల కడుగుడు చాలామంది సర్జన్లు 24–48 గంటల్లోనే మొదలుపెట్టిస్తారు, మీ డాక్టర్ చెప్పిన రోజునే మొదలుపెట్టండి.

ఇక్కడ చాలామంది జారిపోతారు. బాగానే ఉంది కదా అని పక్కులు తీయించుకోవడానికి వెళ్లరు. ఆ పక్కుల కింద రెండు పచ్చి పొరలు ఒకదానికొకటి అంటుకుంటే మచ్చ కట్టి అతుక్కుపోతాయి, తెరిచిన సైనస్ దారి మళ్లీ మూసుకుంటుంది. మొదటి నెలలో రెండు మూడుసార్లు శుభ్రం చేయించుకోవడం ఆపరేషన్‌లో భాగమే. లోపలి పొర పూర్తిగా మానడానికి 6–12 వారాలు పడుతుంది. స్ప్రే లేదా స్టెరాయిడ్ నీళ్లు ఎప్పుడు మొదలుపెట్టాలో రాయించుకుని మరీ ఇంటికి రండి.

అడుగు 8: తిరిగొస్తున్న పాలిప్‌ని ముందే పట్టుకోండి

దిబ్బడ కోసం ఎదురుచూడకండి. చాలామందిలో మొదట తగ్గేది వాసన. వాసన నాడి చివరలు ముక్కు పైకప్పులో సన్నటి చీలికలో ఉంటాయి, కాస్త వాపు వచ్చినా ఆ చీలిక మూసుకుంటుంది. వారానికోసారి, ఒకే రోజు, ఒకే సబ్బును ఒక్కో రంధ్రంతో విడివిడిగా వాసన చూడండి. సబ్బు ఎంత దూరంలో ఉండగా తెలిసిందో రాసుకోండి. జానెడు దూరంలో తెలిసేది ముక్కుకు ఆనిస్తే గానీ తెలియడం లేదంటే, రెండు వారాలు అలాగే ఉంటే, అది హెచ్చరిక. పక్కనే దిబ్బడకూ, గొంతులోకి కారడానికీ, నిద్రకూ 0 నుంచి 10 దాకా మార్కులు వేయండి, స్ప్రే తప్పిన రోజులూ రాయండి. ఈ ఒక్క పేజీ డాక్టర్‌కు పది నిమిషాల మాటలకన్నా ఎక్కువ చెబుతుంది.

ఎండోస్కోపీకి మొదటి ఏడాది 3, 6, 12 నెలల దగ్గర, తర్వాత ఏడాదికోసారి వెళ్లడం మంచిది. తిరిగొచ్చే ముప్పు ఎక్కువున్నవాళ్లు ఇంకా తరచుగా వెళ్లాలి.

చిన్న పాలిప్ కనిపిస్తే కంగారు పడొద్దు. ముందు సీసా లెక్క, గురి, కడిగే తీరు సరిచూసుకోండి. అవన్నీ సరిగ్గా ఉంటే స్టెరాయిడ్ నీళ్లకు మారడం గురించి అడగండి. ఈ దశలో ఒక్క మిల్లీమీటరు వాపును తగ్గించడం, ముక్కు నిండాక తగ్గించడంతో పోలిస్తే ఎంతో తేలిక.

అడుగు 9: ఇంజెక్షన్ల గురించి ఎప్పుడు మాట్లాడాలి

ఆపరేషన్ అయ్యాక కూడా రెండు వైపులా పాలిప్స్ వచ్చి, ఏడాదికి రెండుసార్లు స్టెరాయిడ్ మాత్రలు వాడాల్సి వస్తుంటే, వాసన పోయి, ఉబ్బసం తోడై, రక్తంలో ఇయోసినోఫిల్స్ ఎక్కువుంటే బయోలాజిక్ ఇంజెక్షన్ల (వాపు సంకేతాల్లో ఏదో ఒకదాన్ని ఎంచి అడ్డుకునే మందుల) గురించి అడగొచ్చు. ఐఎల్-4, ఐఎల్-13 సంకేతాలను అడ్డుకునే డూపిలుమాబ్‌కు పాలిప్స్ కోసం అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది, సాధారణ డోసు 2 వారాలకోసారి 300 మి.గ్రా. ఐజీఈని పట్టుకునే ఒమాలిజుమాబ్ 2020లో, ఐఎల్-5ను అడ్డుకునే మెపోలిజుమాబ్ 2021లో వచ్చాయి. మెపోలిజుమాబ్ 4 వారాలకోసారి 100 మి.గ్రా. ఇస్తారు. ఒమాలిజుమాబ్ డోసు బరువును, ఐజీఈ అంకెను బట్టి ఉంటుంది.

ఇవి వాపును వేరు దగ్గరే అడ్డుకుంటాయి, అయినా శాశ్వతంగా నయం చేయవు. ఆపేస్తే చాలామందిలో పాలిప్స్ మళ్లీ మెల్లగా పెరుగుతాయి. ఇంజెక్షన్ తీసుకుంటున్నా స్ప్రే మానకూడదు. 4–6 నెలల దగ్గర ఎండోస్కోపీ, వాసన, మార్కుల పేజీ మూడూ చూసి, కొనసాగించాలా వద్దా తేల్చాలి. ఏ మార్పూ లేకపోతే అదే మందును ఏళ్ల తరబడి పొడిపించుకోవడంలో అర్థం లేదు.

ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాల్సిన సందర్భాలు

కంటి చుట్టూ వాపు, కన్ను ముందుకు పొడుచుకురావడం, ఒకటి రెండుగా కనిపించడం, చూపు మందగించడం. జ్వరంతో భరించలేని తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, మగతగా ఉండటం. ఆపరేషన్ తర్వాత ముందుకు వంగినప్పుడు ఒకే వైపు నుంచి నీళ్లలాంటి పలుచని ద్రవం, ఉప్పగా, చుక్కలు చుక్కలుగా కారడం, అది మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు. ముందుకు వంగి ముక్కు మెత్తటి భాగాన్ని 15 నిమిషాలు వదలకుండా నొక్కి పట్టినా ఆగని రక్తం. నొప్పి మాత్ర వేసుకున్న కాసేపటికి ఆయాసం. వీటిలో ఏది వచ్చినా మర్నాటికి వాయిదా వేయొద్దు. వెళ్లేటప్పుడు మీకు పడని నొప్పి మాత్రల పేర్లు, ఈ ఏడాది వాడిన స్టెరాయిడ్ మాత్రల వివరాలు రాసి ఉన్న కాగితం చేతిలో ఉంచుకోండి, క్యాజువాల్టీలో మొదట అడిగేవి అవే.